మా గుమ్మం ముచ్చట డాలస్ దాకా

ప్రశ్న: మాది హన్మకొండ, నయీంనగర్ వైపు ఒక అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండే ఫ్లాట్లు. ఎదురింట్లో రిటైరైన లెక్చరర్ సార్, ఆయన భార్య ఉంటారు. ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తాను. పోయిన బతుకమ్మకు కూడా కారిడార్‌లోనే కూర్చుని తంగేడు, గునుగు పేర్చుకున్నాం. సంక్రాంతికి వచ్చిన వాళ్ల అబ్బాయి డాలస్ తిరిగి వెళ్తూ తలుపు పైన కెమెరా పెట్టించాడు. అది సూటిగా మా తలుపునే చూస్తుంది. తలుపు తీస్తే హాల్లో దివాన్ దాకా కనిపిస్తుందని నా అనుమానం. పాల ప్యాకెట్ తీసుకోవాలన్నా చున్నీ వెతుక్కుంటున్నాను. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని చిక్కుడుకాయ ఈనెలు తీసే మా అత్తమ్మ ఇప్పుడు బయటికే రావట్లేదు. మొన్న మా మరిది వచ్చి, ఊళ్లో భూమి గురించి గుమ్మంలో నిలబడి కాస్త గట్టిగా మాట్లాడాడు. మర్నాడు పెద్దమ్మ "భూమి పంచాయితి ఇంకా తెగలేదా బిడ్డా? మా పిలగాడు ఫోన్ల విన్నడట" అంది. నాకు ఒళ్లు చల్లబడింది. మా ఆయనేమో "మనమేం తప్పు చేస్తున్నమని భయం? సార్ మంచోడు, ఊకో" అంటాడు. ఇంటర్ చదివే మా అబ్బాయి కెమెరాకు స్టిక్కర్ అంటిస్తానంటున్నాడు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా?
- ఒక సోదరి

జవాబు: అతి కాదమ్మా. పెద్దమ్మ అన్న ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది, ఆ కెమెరాలో మైక్ ఆన్‌లో ఉంది. మీరు దివాన్ గురించి టెన్షన్ పడుతున్నారు కానీ, నాకైతే ఈ మైకే పెద్ద సంగతి. కంటికి కర్టెన్ అడ్డం వేసుకోవచ్చు, మాటకు ఏం వేస్తాం?

మీ ఉత్తరం రెండోసారి చదివాక ఇంకోటి అనిపించింది. కెమెరా కంటే మీ ఆయన అన్న "ఊకో"నే మీకు ఎక్కువ తగిలింది. తప్పు చేయనప్పుడు భయమెందుకు అనే మాట నేను చాలా ఇళ్లలో విన్నాను, విన్న ప్రతిసారీ చిరాకే. అన్నదమ్ములు భూమి గురించి మాట్లాడుకోవడం తప్పేం కాదు. అలాగని ఆ మాటల్ని ఫోన్ స్పీకర్‌లో పెట్టి కారిడార్‌లో వినిపించమంటే ఆయన ఒప్పుకుంటారా? ఆయన దగ్గర ప్రైవసీ అనే మాట ఎత్తకండి, వాదన మొదలవుతుంది. "మీ తమ్ముడి మాటలు డాలస్‌లో విన్నరట, ఈ సంగతి అతనికి తెలిస్తే మళ్లీ మన గడప తొక్కుతడా?" అని అడగండి. వాళ్లమ్మ స్టూలు లోపలికి ఎందుకు వచ్చిందో కూడా చెప్పండి. పొద్దున పోయి రాత్రి వచ్చే మనిషి, అది గమనించి ఉండకపోవచ్చు.

ఇక ఎదురింటి సంగతి. ముసలివాళ్లిద్దరూ ఇక్కడ, కొడుకు సముద్రాల అవతల. రాత్రి అమ్మ ఫోన్ ఎత్తకపోతే అతనికి నిద్ర పట్టదు. వరంగల్, హన్మకొండల్లో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగైనా ఉంటాయి. అతను కెమెరా పెట్టింది మీ మీద కాదు, వాళ్ల తలుపు కోసం. కాకపోతే బిగించేవాళ్లు ఎక్కడ సులువైతే అక్కడ బిగించిపోతారు. ఇందులో నా తప్పూ ఒకటి ఉంది. మా ఇంటికి కెమెరా పెట్టించినప్పుడు బిగించడానికి వచ్చిన అబ్బాయి "వైడ్ లెన్స్ మేడమ్, అంతా కవరైతది" అని సంబరంగా ఫోన్ చేతికిచ్చాడు. చూస్తే పక్కింటి వంటగది కిటికీ, గట్టు మీద కుక్కర్‌తో సహా. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

పోలీసులకు చెప్పమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చట్టం ఎంతవరకు వస్తుందో తెలిసి ఉంటే మంచిది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. కానీ ఇంటి గుమ్మం కెమెరాల కోసమే రాసిన చట్టం మనకు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా ఒక మనిషి సొంత ఇంటి అవసరానికి వాడుకునేదాని జోలికి పోదు. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, ఒకరి ఒప్పుదల లేకుండా ఇంకొకరు నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టూ దాన్ని మార్చలేదు. అయితే అది ఇంటి లోపలి సంగతి, మీది కారిడార్. ఆ తీర్పు కాగితం తీసుకెళ్లి సార్ ముందు పెడితే మీకే నష్టం. స్టేషన్‌కు వెళ్తే "కెమెరా ఉంటే మంచిదే కదమ్మా" అనే మాటే ముందు వినాల్సి రావచ్చు. కాలనీల్లో కెమెరాలు పెట్టుకోండని మన పోలీసులే ఏళ్లుగా చెప్తున్నారు.

ఒకటి మాత్రం వేరు. ఎవరి కెమెరా అయినా బాత్రూమ్‌లోకో, బట్టలు మార్చుకునే గదిలోకో చూస్తుంటే ఇక బతిమాలేది లేదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద అది నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. 112కో, షీ టీమ్స్‌కో ఫోన్ చేయాల్సిందే. మీ సార్ కెమెరా అలాంటిది కాదు కాబట్టి ఆ సెక్షన్ పేరు ఆయన ముందు ఎత్తకండి.

స్టిక్కర్ వద్దంటే వద్దు. మీ అబ్బాయి చేయి లెన్స్ మీద పడే బొమ్మ కూడా అందులోనే రికార్డవుతుంది, ఫిర్యాదు తిరగబడుతుంది. ఆ హుషారును ఇంకో రకంగా వాడుకోండి. మీరు, మీ ఆయన, అబ్బాయి ముగ్గురూ కలిసి ఎదురింటికి వెళ్లండి. "కెమెరా తీసేయండి" అనకండి. "సార్, మా గుమ్మం ఎంతవరకు పడుతుందో మీ ఫోన్‌లో ఒక్కసారి చూపిస్తరా?" అనండి. మీ తలుపు తెరిచిపెట్టే వెళ్లండి. మీ దివాన్, దాని మీద మడతపెట్టని బట్టలు సార్ తన చేతిలోని ఫోన్‌లో చూస్తే మీరు వేరే చెప్పక్కర్లేదు. మనవడితో వీడియో కాల్ తప్ప ఆ ఫోన్‌లో ఇంకేం తెరవని పెద్దమనిషి అయితే, ఆయనకూ అది మొదటిసారి చూడటమే కావచ్చు.

అడగాల్సినవి రెండే. మైక్ ఆపేయడం ఒకటి. యాప్ సెట్టింగుల్లో ఆడియో రికార్డింగ్ అని ఉంటుంది, ఆఫ్ చేస్తే సరి. రెండోది, కెమెరాను పక్క గోడకు మార్చి లిఫ్టు, మెట్లు, వాళ్ల తలుపు కనపడేలా తిప్పడం. రెండు స్క్రూల పని, ఎలక్ట్రీషియన్ కూలి మేమిస్తామనండి. గోడకు రంధ్రాలు వద్దంటే, చాలా కెమెరాల్లో ప్రైవసీ మాస్క్ ఉంటుంది. తెర మీద మీ గుమ్మం ఉన్న మేర డబ్బా గీస్తే అక్కడ నల్లగా అయిపోతుంది, రికార్డింగ్‌లోనూ పడదు. మోషన్ జోన్ అని ఇంకోటి కనిపిస్తుంది, దాంతో మోసపోకండి. అది అలర్ట్ ఎప్పుడు మోగాలో, కొన్నింట్లో రికార్డింగ్ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేదే, రికార్డయ్యే చిత్రంలో మీ గుమ్మం మామూలుగానే పడుతుంది. ఈ తేడా మీ అబ్బాయికి ముందే చెప్పి పంపండి. పాస్‌వర్డ్ బిగించినవాడు పెట్టిందే ఉంటే మార్చి ఇమ్మనండి, అది వాళ్లకే మేలు.

సార్ కాదంటే అసోసియేషన్ మీటింగ్ ఉంది. అక్కడ కూడా ఆయన పేరు రాకుండా, కారిడార్ అందరిది కాబట్టి ఏ కెమెరా ఇంకొకరి తలుపు వైపు ఉండకూడదని అందరికీ ఒకే తీర్మానం చేయించండి. అదీ తెగకపోతే కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్ సాయం ఉచితం. అంతదూరం పోదనే నా నమ్మకం.

సార్ "మా వాణ్ని అడగాలె" అనడం మాత్రం ఖాయం. అప్పుడు "అడగండి సార్, మేమూ మాట్లాడతం" అని అక్కడే కూర్చోండి. అందుకే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లండి. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి, అబ్బాయి ఇంట్లోనే ఉంటాడు.