ప్రతిభ మనిషిదా, పరిసరాలదా?

ప్రతిభ పుట్టుకతో వస్తుందా, చుట్టూ ఉన్న సమాజం ఇస్తుందా అని అడిగారు. నన్నడిగితే, రెంటినీ విడదీయడం దగ్గరే చిక్కంతా.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారినే తీసుకోండి. పోచంపల్లి చీర నేసే ముందు నూలు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోగు తిప్పుతూ చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి, ఒక్కో చీరకు వేల సార్లు. ఆ పనితో వాళ్లమ్మ లక్ష్మికి భుజం నొప్పి. కొడుక్కి పెద్ద చదువు లేదు. అయినా 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది.

పట్టుదల ఆయనదే. కానీ ఏ కదలికను యంత్రంతో చేయించాలో ఆ ఇంట్లో పెరిగాడు కాబట్టి తెలిసింది. డిగ్రీ ఉన్న ఇంజనీరుకైతే ముందు ఆసంటే ఏమిటో చెప్పాలి!

ఆర్థికవేత్త అమర్త్యసేన్ సైకిల్ ఉదాహరణ కూడా ఇలాంటిదే. సైకిల్ చేతికిస్తే చాలదు, ఆ మనిషి దాన్ని తొక్కగలడా అన్నది చూడాలంటాడాయన. ఆయన చెప్పింది శారీరక వైకల్యం గురించి. రోడ్డునీ, ఆడపిల్లయితే ఇంట్లోవాళ్ల అనుమతినీ నేను కలుపుతాను.

అన్నట్టు, ఏళ్ల తరబడి ఆసు పోసిన ఆడవాళ్ల నేర్పును ప్రతిభ అన్నవాళ్లు తక్కువ. ఇంటిపనిలో కలిపేశారు.