గ్రహణం మొర్రి భయం

ప్రశ్న: నాకు ఏడో నెల. వచ్చే సూర్యగ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుందని, విడిచేదాకా మంచినీళ్లు కూడా తాగకూడదని మా అత్తయ్యగారు అంటున్నారు. నమ్మకం లేదు గానీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మంచినీళ్లు తాగండమ్మా, మిగతాది తర్వాత చూద్దాం.

పైపెదవి అటూ ఇటూ నుంచి పెరిగి వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. అతుక్కోకపోతే అదే మొర్రి. ఆ పని గర్భంలో ఏడో వారానికల్లా అయిపోతుంది. అంటే మీ బిడ్డ పెదవి నాలుగైదు నెలల కిందటే తయారైంది. ఇప్పుడు వంకాయలు మీరు తరిగినా అత్తయ్యగారు తరిగినా దానికి పట్టదు. వంశంలో ఉండటం, పొగతాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు లాంటివి డాక్టర్లు చెప్పే కారణాలు. చాలాసార్లు ఫలానా కారణమని వాళ్లూ తేల్చలేరు. అలా తేలనప్పుడు మనవాళ్లు గ్రహణం మీదికి తోసేశారు, పేరు కూడా అదే పెట్టేశారు.

అత్తయ్యగారితో వాదనకు దిగకండి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకుని కూర్చుంటే, గుంటూరులో మా వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. మా అమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, అందరినీ లోపల పెట్టి గడియ పెట్టింది. కాసేపటికి తనే పిలిచింది: "ఇవేంట్రా, గోరు ముక్కల్లా?" పెంకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. సన్నటి కంత సూర్యుడి బొమ్మనే దించుతుందని చెప్పాను. వెంటనే చేట తెచ్చి ఒక నెలవంకను అందులో పట్టుకుంది. అది సన్నబడి, మళ్లీ లావయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. విడుపు స్నానం మాత్రం మానలేదు, నన్నూ మాననివ్వలేదు!

అదే గుంటూరుకు 1868 ఆగస్టు 18 నాటి గ్రహణం చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగులుగా విడదీసి చూశాడు. ఆ గ్రహణంలో కనబడిన పసుపు గీతే హీలియం జాడ. ఆ వాయువును రామ్సే అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త భూమ్మీద వేరుచేసింది 1895లో. ఫిజిక్సు పాఠంలో ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు "మన గుంటూరా సార్?" అనేవాళ్లు. ఇళ్లలో మిరపకాయల సంగతే తప్ప ఇది ఎవరూ చెప్పరు మరి.

ఆ రోజు అత్తయ్యగారికి ఒక జల్లెడ ఇచ్చి, ఎండలో గోడకు ఎదురుగా పట్టుకోమనండి. ఆకాశం వైపు మాత్రం ఎవరూ నేరుగా చూడొద్దు. మామూలు నల్ల కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. కంటి లోపలి తెర రెటీనా కాలుతున్నా నొప్పి తెలియదు. మీ ఐరన్ మాత్ర వేళ దాటనివ్వకండి.