తమ్ముడూ, నీ కథలో లోడర్లు ఎక్కడ?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. 1950 నవంబర్ చివర, కొరియాలో చోసిన్ రిజర్వాయర్ తూర్పు ఒడ్డు, చుట్టూ చైనా సైన్యం, మధ్యలో ఇరుక్కున్న అమెరికన్లు, వాళ్ళ దగ్గర ఒక ఎం16 హాఫ్‌ట్రాక్, అంటే ముందు చక్రాలు, వెనక ట్యాంకుకి ఉన్నట్టు గొలుసు పట్టాలు ఉండే సైన్యం బండి. మన తెలుగులో అటు వెళ్ళేవాళ్ళు తక్కువ, నువ్వు వెళ్ళావ్, చాలా సంతోషం. కానీ రెండో పేజీలో "గన్నర్ పది నిమిషాలు ఆపకుండా కాల్చాడు" అన్నావ్ చూడు, అక్కడ నాకు కథ మీద నమ్మకం పోయింది.

ఆ బండి మీదున్నవి 4 బ్రౌనింగ్ మెషిన్ గన్లు, పాయింట్ 50 క్యాలిబర్, అంటే గొట్టం అర అంగుళం వెడల్పు. అటు రెండు ఇటు రెండు, మధ్యలో సీట్లో గన్నర్. ఒక్కో గన్ను నిమిషానికి 450 రౌండ్ల (తూటాల) పైనే కాలుస్తుంది, దాని డబ్బాలో పట్టేది 200. లెక్కేసుకో, ఆపకుండా కాలిస్తే అర నిమిషం కూడా రాదు. ఒక్కో రౌండు దాదాపు 115 గ్రాములు, అంటే డబ్బాకి రౌండ్ల బరువే 23 కిలోలు, వాటిని బెల్టుగా కలిపే లింకులు, డబ్బా బరువు వేరే. మరి ఇదంతా ఎత్తేదెవరు? అయిదుగురు క్రూలో ఇద్దరు లోడర్లు ఉంటారు, వాళ్ళు. నీ కథలో వాళ్ళు లేనే లేరు! నన్నడిగితే కథంతా వాళ్ళ దగ్గరే ఉంది. మైనస్ 30 దాకా పడిపోయిన చలి, ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది, పైకప్పు లేని బండి, బయటనుంచి తూటాలు వస్తుంటే వాడు లేచి నిలబడి ఖాళీ డబ్బా దింపాలి, నిండుది ఎక్కించాలి, బెల్టు కొస గన్నులోకి తోయాలి, హ్యాండిల్ వెనక్కి లాగాలి, ఇంతలో పక్క గన్ను ఖాళీ అయిపోతుంది. ఇది రాయి.

శబ్దం గురించి కూడా ఒకమాట. నువ్వు "ధడధడ" అని పేజీ నిండా వాడావ్. నిజానికి మామూలుగా నాలుగూ ఒకేసారి పేల్చేవాళ్ళు కాదు, రెండు కాలుస్తుంటే మిగతా రెండు చల్లారేవి. ఎప్పుడు నాలుగూ మొదలయ్యాయో ఆ క్షణం లోపల ఉన్నవాడికి తెలిసిపోతుంది, కొండ మీదవాళ్ళు బాగా దగ్గరికొచ్చేశారని. గన్ను గురించి తెలుసుకోమని పోరు పెట్టేది ఇందుకే, డ్రామా దాని పనితీరులోనే ఉంది, నువ్వు బయటనుంచి తెచ్చి పెట్టక్కర్లేదు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. ఆ నాలుగు గన్లూ బిగించిన తిరిగే మౌంట్‌ని తయారుచేసింది విమానాల్ని కూల్చడం కోసం. బ్యాటరీల కరెంటుతో తిరుగుతుంది, వాటిని ఛార్జ్ చేయడానికి వెనక ఒక చిన్న పెట్రోల్ ఇంజిన్, సెకనుకి 60 డిగ్రీల దాకా తిరిగే స్పీడు. తల మీదనుంచి దూసుకెళ్ళే విమానం వెంట తిరగాలి కాబట్టి అంత స్పీడు. 1945 మార్చిలో రైన్ నది మీద జర్మనీలోని రెమాగెన్ వంతెనని అమెరికన్లు పట్టుకున్నాక దాన్ని కూల్చడానికి జర్మన్ జెట్లు కూడా వచ్చాయి, అక్కడ ఇలాంటి గన్లకి చేతినిండా పని. కొరియాకి వచ్చేసరికి ఆకాశం చాలావరకు అమెరికన్లదే, కాల్చడానికి పైన ఏమీ లేదు, దాంతో బ్యారెళ్ళు మనుషుల మీదకి దిగాయి. హాఫ్‌ట్రాక్ పక్క ప్లేట్ల పైభాగం కిందకి మడిస్తేగానీ గన్లు అంత కిందకి వంగవు, అంటే కాల్చాలంటే ముందు తన అడ్డు తనే దించుకోవాలి. ఆ ప్లేటు దించే చెయ్యి దగ్గర ఒక పేరా ఆగు.

ఇక అటువైపు వాళ్ళు. "శత్రువు కెరటంలా వచ్చాడు" అని రాసి వదిలేశావ్. కెరటానికి కాళ్ళుండవు కదా. వాళ్ళకి ఉన్నాయి, గుడ్డ బూట్లలో గడ్డకట్టిపోయిన కాళ్ళు. ఆ చలికి సరిపడా బట్టల్లేకుండానే చైనా 9వ ఆర్మీ గ్రూపుని అక్కడికి పంపారు, వేలమంది చలికే దెబ్బతిన్నారు. గన్నర్ సైట్‌లోంచి చూసినా సరే, వాళ్ళలో ఒక్కడైనా మనిషిగా కనపడాలి.

ముగింపులో గన్ను అందర్నీ కాపాడింది అన్నావ్. అలా జరగలేదు, తమ్ముడూ. రాత్రుళ్ళు ఆ గన్లే లైన్ నిలబెట్టిన మాట నిజమే, కానీ తూటాలు తరిగిపోయాయి, డిసెంబర్ 1న గాయపడ్డవాళ్ళని ట్రక్కులకెత్తి అమెరికన్ల స్థావరం ఉన్న హగారు-రి వైపు బయల్దేరిన కాన్వాయ్ దారిలోనే చెదిరిపోయింది, ముందుండి నడిపిన లెఫ్టినెంట్ కల్నల్ డాన్ ఫెయిత్ చనిపోయాడు, బతికినవాళ్ళలో చాలామంది గడ్డకట్టిన నీళ్ళ మీదుగా నడిచి బయటపడ్డారు. నీ లోడర్‌ని ఆ మంచు మీద నడిపించు, లేదా ట్రక్కులోనే వదిలెయ్, అది నీ ఇష్టం, గెలిపించకు మాత్రం.

వాడికి ఒక పేరు, ఒక ఊరు పెట్టి మొదటి పేజీ నుంచి మళ్ళీ రాయి. గన్నర్ చెప్పే ఆ పెద్ద పెద్ద డైలాగులన్నీ తీసేసి పంపు, చదువుతా.