ఇటలీ చరిత్ర ఆడియోలో క్రియలు అందకపోతే

ఇటాలియన్ భాష కోర్సు పూర్తయినా, ఆ భాషలోని ఇటలీ చరిత్ర ఆడియోలో క్రియలే పట్టుబడటం లేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి, లోపం మీ చెవిది కాదు. కోర్సుల్లో ముందు నేర్పేది రోజువారీ మాటల్లోని భూతకాలం. చరిత్ర చెప్పేటప్పుడు ఎక్కువగా ‘పస్సాతో రెమోతో’ అనే మరో భూతకాల రూపం వాడతారు: ‘నాక్వే’ అంటే పుట్టాడు, ‘విన్సే’ అంటే గెలిచాడు. ఇలాంటివి ముందు ఓ ఇరవై బట్టీ పట్టేయండి.

1860లో ఇటలీ ఏకీకరణ యోధుడు గరిబాల్డీ సిసిలీలోని మార్సాలాలో ఓడ దిగిన ఘట్టం తీసుకోండి. ‘స్బార్కో’లో ‘బా’ నొక్కి పలికితే దిగడం, చివరి ‘కో’ నొక్కితే దిగాడు. నాకైతే ఈ తేడా వినబడ్డాకే కథ కదిలింది. రెండు నిమిషాల ముక్కనే నాలుగుసార్లు విని, ఆ తర్వాతే రాతలో చూడండి.

అన్నట్టు, ‘ఒత్తొచెంతో’ అంటే అక్షరాలా ఎనిమిది వందలే గానీ, చరిత్రలో అది 1800ల కాలం. ఎనిమిదో శతాబ్దం అనుకునేరు!