మెరికల జాబితా రాసే ముందు

హనుమకొండ

చి. స్రవంతికి పెద్దబాపు ఆశీస్సులు.

మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. తాడ్వాయి వైపు బడిలో చేరీ చేరగానే ఐదో తరగతి నుంచి తెలివైన పిల్లలను ఏరి, సాయంత్రాలు నవోదయ పరీక్షకు తయారు చేస్తావట. వాకింగ్‌లో కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎట్లా ఏరుతావో మీ బాపు చెప్పలేదు, అదీ నా టెన్షన్.

పరీక్ష సంగతి నీకు తెలుసు: 80 ప్రశ్నలు, సగం బొమ్మల రీజనింగే. పాత పేపర్లు చేయించు. దరఖాస్తు గడువు దాటనీయకు.

నేను పనిచేసిన ఒక బడిలో హెడ్మాస్టర్ అర్ధ సంవత్సరం మార్కులు చూసి 'టాలెంట్ బ్యాచ్' పెట్టాడు. గుండ్రటి దస్తూరి, చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలంతా అందులో చేరారు. పత్తి ఏరే రోజుల్లో బడికి రాని ఒక పిల్ల బయట మిగిలింది. లెక్కల్లో జవాబు ఒక్కటే రాసేది, చేసిన తీరు రాసేది కాదు. చూసి రాసిందని సున్నా వేశారు. వరండాలో నేనే అడిగిన, కిలోకు మూడు రూపాయల చొప్పున 28 కిలోలు ఏరితే కూలి ఎంతని. "ముప్పై కిలోలకు తొంభై. రెండు కిలోలది ఆరు తీసెయ్యాలె. ఎనభై నాలుగు సారూ" అంది. కాంటా దగ్గర వాళ్లమ్మ కూలి లెక్క రోజూ తనే చూసేదట. అక్కడితో ఆగలేదు. "మంచుకు తడిసిన పత్తి బరువుంటది కద, మరి పొద్దున్నే ఏరినోళ్లకు ఎక్కువ పైసలు వస్తయా?" అని నన్నే అడిగింది. కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోసేది, 12 దాటితే అసలు కొననిది అందుకేనమ్మా! ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను వెళ్లి చెబితే, బోర్డు మీద పెట్టిన జాబితా మారిస్తే తల్లిదండ్రులు గొడవ చేస్తారన్నాడు హెడ్మాస్టర్. ఆ పిల్ల ఏడుతో బడి మానేసింది. జాబితాలో ఉన్న ఒక పిల్లవాడు ఒక్క పరీక్షలో మార్కులు తగ్గినందుకు కడుపునొప్పని వారాల కొద్దీ ఇంట్లోనే ఉన్నాడు. జాబితా గోడకు అంటిస్తే ఊరుకోను, ముందే చెబుతున్నా.

1921లో కాలిఫోర్నియాలో టెర్మన్ అనే మనస్తత్వవేత్త తెలివితేటల పరీక్ష పెట్టి వెయ్యికి పైగా పిల్లలను ఎంచుకున్నాడు. అందులో చోటు దొరకని షాక్లీ, అల్వారెజ్ ఇద్దరూ పెద్దయ్యాక భౌతికశాస్త్రంలో నోబెల్ తీసుకున్నారు. అంత పెద్ద పరీక్షే వాళ్లను పట్టలేదు. మన అర్ధ సంవత్సరం పేపరెంత?

నీ తరగతిలో ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలుంటారు. తెలుగు పాఠంలో నోరు విప్పలేదని మొద్దులనుకోకు, బొమ్మలతో, గింజలతో లెక్కలు ఇచ్చి చూడు. పని ముందే ముగించి పక్కవాణ్ని గిల్లేవాణ్ని కొట్టే ముందు ఇంకో కష్టమైన లెక్క ఇవ్వు. చదవడం రాక తడబడేవాడు విన్న కథను పొల్లు పోకుండా చెప్పవచ్చు. జవాబు తెలిసీ చెయ్యి ఎత్తని ఆడపిల్లలు ప్రతి బడిలో ఉంటారు. చిన్నప్పుడు నువ్వూ అంతే, నీకు మాత్రం గుర్తుండదులే.

విసుగొచ్చేదాకా "ఎందుకు" అని అడిగేవాళ్ల ప్రశ్నలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టు. ఒక్క నెలతో తేల్చకు. పత్తి పనులయ్యాక తిరిగొచ్చే పిల్లలకూ బ్యాచ్‌లో జాగా ఉంచు.

సాయంత్రం క్లాసంటే చీకటి పడుతుంది, ఆఖరి బస్సు చూసుకో. అన్నం టైముకు తిను బిడ్డా. దసరాకు వచ్చేటప్పుడు మార్కుల రిజిస్టర్ వద్దు, తప్పు జవాబులున్న నోటుబుక్కులు తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దబాపు