చవక బోర్డులో లినక్స్: తెర నల్లగానే ఉంటే ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయికి ప్రోగ్రామింగ్ నేర్పిద్దామని రిచీ స్ట్రీట్‌లో ఆరెంజ్ పై జీరో 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నాను. మెమొరీ కార్డులో రాస్ప్‌బెరీ పై ఓఎస్ ఎక్కించి, పాత ఫోన్ ఛార్జర్‌తో కరెంటిచ్చి టీవీకి కలిపితే ‘నో సిగ్నల్’ అనే వస్తోంది. కార్డు మార్చినా అంతే. కొట్టువారు బోర్డు బాగానే ఉందంటున్నారు. లోపం ఎక్కడుందో తెలుసుకునే మార్గం ఏమిటి?
— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి బోర్డు పాడైందనడానికి ఆధారమేమీ లేదు. చిక్కు మీరు ఎక్కించిన ఇమేజ్‌లో, అంటే కార్డులోకి రాసే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలులో ఉంది. రెండు బోర్డుల పేర్లలోనూ ‘పై’ ఉన్నా, వాటి చుట్టరికం పేరు వరకే. రాస్ప్‌బెరీ పైలో ఉండేది బ్రాడ్‌కామ్ చిప్పు, మీ బోర్డులో ఉన్నది ఆల్‌విన్నర్ హెచ్618. కరెంటు రాగానే ఆల్‌విన్నర్ చిప్పు కార్డు మొదలు నుంచి 8 కిలోబైట్ల దూరంలో ఎస్‌పీఎల్ అనే చిన్న ప్రోగ్రాము కోసం చూస్తుంది. ఆ ప్రోగ్రాము ర్యామ్‌ను సిద్ధం చేసి యూ-బూట్‌ను లోడ్ చేస్తే, యూ-బూట్ లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని) లోడ్ చేస్తుంది. రాస్ప్‌బెరీ పై ఇమేజ్‌లో ఆ చోట అటువంటిదేమీ ఉండదు కాబట్టి, కార్డులు ఎన్ని మార్చినా వాటి నుంచి చిప్పుకు పనికొచ్చేదేదీ అందదు.

ఒకే ఉబుంటు పెన్ డ్రైవ్ ఏ కంపెనీ పీసీలోనైనా నడవడం చూసిన మనకు ఇది వింతగానే తోస్తుంది. పీసీలో ఉన్న పరికరాల చిట్టాను, దాన్ని లేపే యూఈఎఫ్‌ఐ అనే అంతర్గత సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి అందిస్తుంది. ఆర్మ్ (ఫోన్లలో ఉండే రకం) ప్రాసెసర్లతో వచ్చే ఇటువంటి చిన్న బోర్డుల్లో సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. నెట్‌వర్క్ చిప్పు ఏ పిన్నులకు కలిసి ఉంది, ఏ రెగ్యులేటర్ దేనికి ఎంత వోల్టేజీ ఇస్తుంది అనే వివరాలన్నీ డివైస్ ట్రీ అనే ఫైలులో ముందే రాసి ఉంచాలి. అందుకే ఇమేజ్ మీ బోర్డు పేరుతో ఉన్నదే కావాలి, ఆరెంజ్ పై జీరో 2 ఇమేజ్ దగ్గరగా ఉంది కదా అని వాడకూడదు. తయారీదారు ఇచ్చే ఇమేజ్‌ల కంటే, ఇటువంటి బోర్డుల కోసమే తయారైన ఆర్మ్‌బియన్ అనే లినక్స్‌నే నేను సిఫారసు చేస్తాను. అది డెబియన్, ఉబుంటుల మీద ఆధారపడినది కావడంతో భద్రతా సవరణలు సాఫ్ట్‌వేర్ ఎక్కించే మామూలు ఆప్ట్ ఆదేశంతోనే వస్తాయి. దించుకున్న ఫైలు చెడలేదని తెలిపే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను సరిచూసి, బలేనా ఎచర్ అనే ప్రోగ్రాముతో కార్డులోకి రాయండి.

ఇంత చేసినా తెర వెలగకపోతే ఊహాగానాలు మాని సీరియల్ కన్సోల్, అంటే బోర్డు లేచేటప్పుడు వైరు ద్వారా వరుసగా పంపే సందేశాలు చూడాలి. కొత్తవారు ఎక్కువగా వదిలేసేది ఇదే, అన్నిటికంటే ఎక్కువ చెప్పేదీ ఇదే. మీరు బోర్డు కొన్న వీధిలోనే సీపీ2102 లేదా సీహెచ్340 చిప్పుతో, ఆ సందేశాలను ల్యాప్‌టాప్‌కు చేర్చే యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ దొరుకుతుంది. అది 3.3 వోల్టుల స్థాయిలో పనిచేసేదై ఉండాలి. బోర్డు మీద డీబగ్ కోసం విడిగా ఉన్న మూడు పిన్నులలో గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు, టీఎక్స్‌ను (పంపే పిన్ను) ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్ను), ఆర్‌ఎక్స్‌ను టీఎక్స్‌కు కలిపి, అడాప్టర్ నుంచి వచ్చే 5 వోల్టుల వైరును దేనికీ తగిలించకుండా వదిలేయండి. ల్యాప్‌టాప్‌లో ఆ సందేశాలను చూపే పుట్టీ అనే ప్రోగ్రాము తెరిచి వేగాన్ని 115200గా పెట్టుకున్న తరువాతే బోర్డుకు కరెంటివ్వండి.

వరుసలు ఎక్కడ ఆగితే లోపం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఒక్క అక్షరమూ రాకపోతే ముందు టీఎక్స్, ఆర్‌ఎక్స్ వైర్లు తారుమారయ్యాయేమో చూసి, తరువాత కార్డునూ ఇమేజ్‌నూ అనుమానించండి. ‘డీర్యామ్’ అనే వరుస దగ్గర ఆగితే ఇమేజ్ వేరే బోర్డుదై ఉండవచ్చు, లేదా కరెంటు చాలకపోయి ఉండవచ్చు. ‘స్టార్టింగ్ కెర్నల్’ అని వచ్చి మౌనం వహిస్తే డివైస్ ట్రీ సరిపోలేదేమో చూడాలి. ‘వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్’ అంటే కెర్నల్ లేచింది గానీ కార్డులోని విభాగం (పార్టిషన్) దానికి కనబడటం లేదన్నమాట. ఇక వరుసలన్నీ సాఫీగా సాగి లాగిన్ అడిగిందంటే, లోపం మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనో టీవీలోనో ఉన్నట్టు.

పాత ఛార్జర్‌ను మాత్రం పక్కన పెట్టండి. 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇవ్వగలది, పొట్టి మందపాటి కేబుల్‌తో వాడండి. సన్నని కేబుల్‌లో వోల్టేజీ పడిపోయి బోర్డు మధ్యలో రీసెట్ అవుతుంటుంది. పైన 32 జీబీ అని అచ్చువేసి లోపల అంత చోటు లేని నకిలీ కార్డులు ఏ బజారులోనైనా తగులుతాయి కనుక, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, లినక్స్‌లో ఎఫ్3తో పరీక్షించి గానీ వాడవద్దు. మొదటిసారి బూట్ అయినప్పుడు ఆర్మ్‌బియన్ కార్డు మొత్తాన్ని ఆక్రమించేలా విభాగాన్ని పెంచుకుంటుంది; ఆ సమయంలో ప్లగ్ పీకకూడదు.

ప్రశ్న: బోర్డులో ఆర్మ్‌బియన్ నడుస్తోంది కానీ తెలుగు ఫైళ్ల పేర్లు ఖాళీ గడులుగా కనిపిస్తున్నాయి. సరిచేయడం ఎలా?
— ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: డెస్క్‌టాప్‌లో అయితే లోహిత్ తెలుగు ఫాంటు ప్యాకేజీని ఆప్ట్ ద్వారా ఎక్కించి, ఒకసారి లాగౌట్ అయి వస్తే చాలు. టైపు చేయడానికి ఐబస్-ఎం17ఎన్ ఎక్కించుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం) రెండు పద్ధతులూ దొరుకుతాయి. డెస్క్‌టాప్ లేకుండా నల్ల తెర మీదే పనిచేస్తున్నట్లయితే ఏ ఫాంటూ ఉపకరించదు. అక్కడి కన్సోల్ ఒకేసారి గరిష్ఠంగా 512 గుర్తులనే చూపగలదు, గుణింతాలనూ ఒత్తులనూ కలిపి కూర్చే శక్తి దానికి లేదు. అటువంటప్పుడు నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌లోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా మీ ల్యాప్‌టాప్ నుంచి బోర్డులోకి ప్రవేశించండి. ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ తెలుగును చూపగలిగినదైతే ఫైళ్ల పేర్లు అక్కడ చదవవచ్చు.