ఐసోటోపులతో ఉద్యోగమంటే భయపడాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది. రేడియో ఐసోటోపుల రంగంలోకి వెళ్తానంటోంది. రేడియేషన్ అంటే మాకు టెన్షన్. అసలు అందులో ఉద్యోగాలుంటాయా?
– ఓ తల్లి, గాజువాక

జవాబు: ఉంటాయమ్మా. రేడియో ఐసోటోపులంటే రేడియేషన్ వెదజల్లే పరమాణువులు. మీకు దగ్గర్లోనే, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇలాంటి చోట రోగికి రేడియేషన్ ఎంత, ఎటు నుంచి ఇవ్వాలో డాక్టరు పక్కన కూర్చుని లెక్కగట్టేది మెడికల్ ఫిజిసిస్టు. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే అయోడిన్-131 రేడియోధార్మికత 8 రోజుల్లో సగానికి తగ్గుతుంది. స్కాన్లకు వాడే టెక్నీషియం-99ఎం అయితే 6 గంటల్లోనే సగం. దాన్ని నిల్వ పెట్టుకోలేరు కాబట్టి దాన్ని పుట్టించే జనరేటర్ అనే చిన్న పరికరం నుంచి తీసి ఏ రోజుకారోజు సిద్ధం చేసుకుంటారు.

మీ అమ్మాయికి నేను చెప్పేది ఈ దారే. ముందు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేయాలి. సన్యాసి, భౌతిక శాస్త్రవేత్త స్వామి జ్ఞానానంద న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేసిన ఆంధ్ర యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉంది. తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నిర్వహించే ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా, ఆపై ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. డిప్లొమాకి బీఎస్సీ మార్కులూ చూస్తారు, ఈ సెమిస్టర్‌ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి.

ఇంకో దారి పరిశ్రమలు. రిఫైనరీలో, షిప్‌యార్డులో వెల్డింగ్ లోపలి పగులు కంటికి కనబడదు. అందుకే జనం తగ్గాక, ఎక్కువగా రాత్రిపూట, చుట్టూ తాడు కట్టి, పైపుకి ఫిల్మ్ చుట్టి, దూరం నుంచి హ్యాండిల్ తిప్పుతూ ‘కెమెరా’ అని పిలిచే రక్షణ పెట్టెలోని ఇరిడియం-192 అనే రేడియేషన్ సోర్సును బయటికి పంపుతారు. ఫిల్మ్ డెవలప్ చేస్తే లోపలి గాలిబుడగ కూడా మచ్చలా తెలుస్తుంది. సోర్సు తిరిగి లోపలికి వెళ్లిందో లేదో రేడియేషన్ కొలిచే సర్వే మీటరుతో చూసుకోకుండా కెమెరా దగ్గరికి అడుగు వేయకూడదు. ఆ ఒక్క అలక్ష్యంతో చేతులు కాల్చుకున్నవాళ్లున్నారు. ఈ పనికి రేడియోగ్రఫీ లెవెల్-1, లెవెల్-2 సర్టిఫికెట్లు కావాలి.

ఇక మీ భయం. రేడియేషన్‌తో పనిచేసేవాళ్ల ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది. ఎవరికెంత తగిలిందో అది లెక్క చెబుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన రేడియేషన్‌కి కొలమానం). ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. రేపు పెళ్లయ్యాక పిల్లల సంగతేమిటన్న ఆలోచనా మీకు ఉండే ఉంటుంది. గర్భం అని తెలియగానే పైవాళ్లకు చెప్పాలి. అప్పటి నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని మార్చడం వాళ్ల బాధ్యత.

మూడు నెలల్లో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ని చేస్తామనే ప్రకటనలు చూసి మాత్రం డబ్బు కట్టకండి. ఆ కోర్సుకి ఏఈఆర్‌బీ గుర్తింపు ఉందని తేల్చుకున్నాకే ఫీజు మాట.